గాలికి గడప ఎక్కడ?

ఇంట్లో మనం తిప్పే వస్తువులన్నీ రెండు జాతులు. కొంత దూరం తిరిగి, ఇక నావల్ల కాదని ఆగిపోయేవి ఒక జాతి. గ్యాస్ పొయ్యి మీట, మిక్సీ మీట, రేడియో గొంతు పెంచే మీట ఈ జాతివి. ఎంత తిప్పితే అంత తిరిగేవి రెండో జాతి. తిరగలి, రుబ్బురోట్లో పొత్రం, చల్ల చిలికే కవ్వం ఇందులోకి వస్తాయి. మొదటి జాతి వస్తువుని చూడగానే అది ఎక్కడుందో చెప్పొచ్చు. పొయ్యి సగంలో ఉంది, రేడియో పూర్తిగా పెంచి ఉంది, అని. రెండో జాతిని ఆ ప్రశ్న ఎవరూ అడగరు. తిరగలి పిడి ఈ క్షణాన తూర్పుకుందా, పడమరకుందా అని ఏ ఇల్లాలైనా చూసుకుంటుందా? పిండి పడుతోందా లేదా అన్నదే మనకి కావలసింది.

అలా ఆగకుండా తిరిగేదాన్ని పట్టుకుని "నువ్విప్పుడు సరిగ్గా ఎక్కడున్నావు?" అని నిలదీయవలసిన అవసరం మా ఇంటికి వచ్చింది. ఆ తిరిగేది గాలి. అడిగింది మా అత్తయ్యగారు.

మాది బందరు. అత్తయ్యగారి పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19, కార్తీకమాసం, శనివారం. ఆవిడకి అప్పుడు ఇరవై రెండేళ్ళు, మొదటి కాన్పుకని పుట్టింటికి వెళ్ళి ఉన్నారు. ఉప్పెన వచ్చింది. వేలమంది పోయిన ఆ రోజున ఆవిడ మిగిలారు. ఆవిడ కడుపులో ఉన్న మావారు మిగిలారు. ఆవిడ అన్నగారి పిల్లలిద్దరూ మిగల్లేదు.

ఆ సంగతి ఆవిడ ఎప్పుడూ కథలా చెప్పరు. కాని తుఫాను అన్న మాట వినపడితే చాలు, టీవీ వంక కూడా చూడకుండా డాబా ఎక్కేసేవారు. "గాలి ఏ మూలనుంచో తెలిస్తే తుఫాను ఏ మూలనుందో నేను చెప్తాను" అనేవారు. ఇది చాదస్తం కాదండోయ్. మన వైపు తుఫానులో గాలి గడియారం ముళ్ళకి ఎదురు తిరుగుతుంది. గాలికి వీపు పెట్టి నిలబడితే తుఫాను నడిబొడ్డు ఇంచుమించు మన ఎడమచేతి వైపున ఉంటుంది. మా బందరు లాంటి చోట మొదట గాలి ఉత్తరం, ఈశాన్యం మూలల నుంచి పడుతుంది. ఆ తరవాతే ఉంది అసలు సంగతి. ఈశాన్యం నుంచి తూర్పుకీ, ఆగ్నేయానికీ మళ్ళిందా, తుఫాను మనకి దక్షిణంగా తీరం దాటుతోందన్నమాట. గాలి సముద్రాన్ని మన మీదకి తోస్తుంది. అలా కాక ఉత్తరం మీదుగా వాయవ్యానికీ, పడమరకీ మళ్ళిందా, మనకి ఉత్తరంగా దాటుతోందన్నమాట. గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. ఉప్పెన భయం తగ్గుతుంది.

అంటే ఆవిడ ప్రాణమంతా ఒకే ఒక్క ప్రశ్నలో ఉంటుంది. గాలి ఉత్తరాన్ని దాటిందా, లేదా?

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర, అంటే మాకు దిగువన దాటింది. అప్పుడు పూటకి నాలుగుసార్లు డాబా ఎక్కి దిగారు. ఆ తరవాత మోకాళ్ళు మొరాయించాయి. మెట్లెక్కడం మానిపించేశాడు డాక్టరు. "నా కళ్ళు తీసేసినట్టుందే" అని మా అమ్మాయితో అన్నారట. అది ఇంజనీరింగు మూడో సంవత్సరం, ఎలక్ట్రానిక్స్. "డాబాని నీ మంచం దగ్గరికి తెస్తాను నాయనమ్మా" అంది.

"రాడార్ ఉన్న ఊళ్ళో నీ రేకుముక్క ఎవరికే?" అన్నారు మావారు.

"రాడార్ ఊరికిరా. ఇది నాకు" అన్నారు అత్తయ్యగారు. మావారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

అల్యూమినియం రేకుతో బాణం చేసి డాబా పిట్టగోడ మీద గొట్టానికి నిలబెట్టింది. గాలి ఎటు కొడితే బాణం అటు మొహం తిప్పుతుంది. అంతవరకు ఏ గుడి శిల్పి అయినా చేస్తాడు. ఆ తిరుగుడు గదిలోకి రావాలంటే తీగ మీద రావాలి. తీగ మీద రావాలంటే అంకెగా మారాలి. దానికోసం ఒక వస్తువు తెచ్చింది. రేడియోలు బాగుచేసే షాపుల్లో వాల్యూమ్ కంట్రోల్ అంటారే, ఆ జాతిదే. పుస్తకాల్లో పేరు పొటెన్షియోమీటర్. పిల్లల నోట్లో పాట్.

దాని కడుపులో ఏముందో నాకు అది చెప్పిన తీరు బావుంది. లోపల ఒక కార్బన్ పట్టీ, గుండ్రంగా, నోరు తెరిచిన కడియంలా ఉంటుంది. కడియం ఒక కొసకి 5 ఓల్టుల కరెంటు తగిలిస్తారు, రెండో కొసకి సున్నా. ఇరుసుకి అంటుకుని ఒక చిన్న లోహపు చెయ్యి ఆ పట్టీ మీద జారుతుంటుంది. దాన్ని వైపర్ అంటారు. చెయ్యి సున్నా కొస దగ్గరుంటే సున్నా వస్తుంది, నడుమనుంటే రెండున్నర, అవతలి కొసనుంటే అయిదు. అందుకే ఆ వస్తువుకి మూడు కాళ్ళు. రెండు కొసలకి రెండు, చేతికొకటి.

ఆ చేతి కాలిని ఆర్డ్యునో అనే చిన్న బోర్డుకి కలిపింది. ఆ బోర్డుకి రెండు రకాల చెవులున్నాయట. ఒక రకం చెవి, పాలు వచ్చాయా రాలేదా అని మాత్రం అడుగుతుంది. రెండో రకం చెవి, గిన్నెలో ఎంతవరకు వచ్చాయి అని అడుగుతుంది. ఈ రెండోదాన్ని అనలాగ్ ఇన్‌పుట్ అంటారు. సున్నా నుంచి అయిదు ఓల్టుల దాకా ఉన్న ఎత్తుని అది 1024 మెట్లు చేసి, మనం ఏ మెట్టు మీదున్నామో చెబుతుంది. మొదటి మెట్టు 0, చివరి మెట్టు 1023. ఒక్కో మెట్టు అయిదు మిల్లీ ఓల్టులు కూడా ఉండదు. చుట్టు మొత్తం 360 డిగ్రీలు గనక ఒక్కో మెట్టుకి మూడోవంతు డిగ్రీ పైచిలుకు. గాలి అంత సన్నగా నడవదు గాని, బోర్డు అంత సన్నగా చూస్తుందన్నమాట.

మామూలు వాల్యూమ్ కంట్రోల్ 300 డిగ్రీల లోపే తిరిగి ఆగిపోతుంది. గాలిని అలా ఆగమంటే ఆగుతుందా? అందుకని ఎటు తిప్పినా ఎన్నిసార్లు తిప్పినా అడ్డం లేకుండా తిరిగే పాట్ తెప్పించింది. లోపల ఆపే మేకు ఉండదు, అంతే. పట్టీ మాత్రం ఇంచుమించు చుట్టూ ఉంటుంది.

"ఇంచుమించు ఎందుకే? కడియం మానేసి గాజు చెయ్యకూడదూ? పూర్తిగా కలిపేస్తే సరి" అన్నాను.

"ఒక కొస అయిదు, ఒక కొస సున్నా కదమ్మా. రెండూ కలిసిన చోట అది అయిదా, సున్నానా?" అంది.

నోరు మూసుకున్నాను. నిజమే. తిరిగేది గుండ్రంగా ఉండొచ్చు గాని, అంకెలకి ఒక మొదలూ ఒక చివరా ఉండి తీరాలి. గుండ్రటిదాన్ని నిలువు కొలబద్దతో కొలిస్తే ఎక్కడో ఒకచోట రెండు కొసలూ ఎదురుబొదురు నిలబడతాయి. వాతావరణ కేంద్రాలకి గాలి పరికరాలు చేసే ఆర్.ఎం. యంగ్ అనే అమెరికా కంపెనీ ఉంది. వాళ్ళ పేరున్న పరికరంలో కూడా 360 డిగ్రీల్లో 355 డిగ్రీలే పట్టీ, మిగిలిన 5 డిగ్రీలు ఖాళీ. దొరలకే తప్పనిది మనకి తప్పుతుందా?

ఆ ఖాళీలోకి వైపర్ వెళ్ళినప్పుడు ఇంకో తమాషా ఉంది. ఏ తీగా తగలని అనలాగ్ ఇన్‌పుట్ సున్నా చూపించదు. చుట్టుపక్కల తీగల రొద విని, నోటికొచ్చిన అంకె చెబుతుంది. వీధరుగు మీద కూచుని సగం విన్న మాటకి మిగతా సగం కల్పించేవాళ్ళుంటారే, అలాగ. దానికి మందు ఒక పెద్ద రెసిస్టర్. పాట్ పదివేల ఓములదైతే, పది లక్షల ఓముల రెసిస్టర్ని చేతి కాలికీ సున్నా కాలికీ మధ్య కడతారు. పట్టీ మీదున్నంత సేపూ అది లెక్కకి రాదు. చెయ్యి ఖాళీలో పడగానే మెల్లిగా సున్నా దగ్గరికి లాక్కుపోతుంది. చంటిపిల్ల నడుముకి కట్టిన పాత చీర కొంగు అనుకోండి.

ఖాళీని సరిగ్గా ఉత్తరానికి పెట్టింది అమ్మాయి. పటాల్లో దిక్కులు ఉత్తరం సున్నా నుంచే మొదలుపెట్టి లెక్కిస్తారు కదా. అత్తయ్యగారి మంచం పక్క స్టూలు మీద చిన్న తెర వెలిగింది. "తూర్పు 92" అని వచ్చింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసి, కిటికీలోంచి కొబ్బరాకులు చూసి, రెండూ ఒకటే చెప్పడంతో తృప్తి పడ్డారు. గాలి ఊరికే అటూ ఇటూ కొట్టుకుంటుంది గనక నిమిషానికోసారి సగటు కట్టి చూపించే ఏర్పాటు కూడా చేసింది అమ్మాయి. నెలన్నర రోజులు ముచ్చటగా పనిచేసింది.

2025 అక్టోబరు 28. మొంథా తుఫాను. కాలేజీకి సెలవు, అమ్మాయి ఇంట్లోనే ఉంది. సాయంత్రానికి కరెంటు పోయింది. ఆ తెర మాత్రం సెల్‌ఫోన్లకి పెట్టే పవర్ బ్యాంకు మీద వెలుగుతోంది. ఈశాన్యం, ఈశాన్యం, ఉత్తర ఈశాన్యం. వాన గోడల్ని కొడుతోంది. ఎనిమిదిన్నర దాటాక తెర మీద అక్షరాలు మారాయి.

"దక్షిణం 178."

మావారు టార్చిలైటుతో చూసి గతుక్కుమన్నారు. ఉత్తరపు గాలి ఉన్నట్టుండి దక్షిణానికి తిరిగిందంటే, మధ్యలో తూర్పు మీదుగా సముద్రం వైపంతా చుట్టి వచ్చిందని అర్థం. పైగా దక్షిణం మాకు సముద్రం ఉన్న దిక్కే. ఆయన ఇంకేం మాట్లాడకుండా బీరువా తాళాలు తీశారు. కాగితాలు, పాసుపుస్తకాలు, మా అమ్మ పెట్టిన రెండు పేటల గొలుసు, అన్నీ ఒక సంచిలో పడ్డాయి. నేను బియ్యం డబ్బా పై మెట్టు మీదకి ఎక్కించాను. పక్కింటివాళ్ళని పిలవాలా, అత్తయ్యగారిని మెట్ల మీద నుంచి ఎలా మొయ్యాలి అని చూస్తున్నాం.

అత్తయ్యగారు మంచం మీద కదలకుండా కూచున్నారు. తెర వంక చూడటం లేదు. చెవి పెట్టి వింటున్నారు.

"ఉత్తరం కిటికీ కొట్టుకుంటోంది. దక్షిణం కిటికీ ఊరుకుంది. అది అబద్ధం చెప్తోందే అమ్మడూ" అన్నారు.

అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచింది. సగటు కట్టే నాలుగు వరసలు తీసేసి, వచ్చిన అంకె వచ్చినట్టే చూపించమంది. తెర మీద వరసగా పడ్డాయి. 8. 351. 3. 356. 12. 347. గాలి ఉత్తరానికి అటో అడుగు, ఇటో అడుగు వేస్తూ గడప మీద ఊగుతోంది. అసలు దక్షిణమే లేదు.

ఎలా జరిగిందో ఇప్పుడు మీకూ తెలిసే ఉంటుంది. ఒక రాత్రి పదకొండింటికి నిద్రపోయారు, ఇంకో రాత్రి ఒంటిగంటకి. సగటున ఎన్నింటికి నిద్రపోయినట్టు? పదకొండూ ఒకటీ కలిపి పన్నెండు, రెండుతో భాగిస్తే ఆరు. ఆరింటికి మనం వంటింట్లో ఉంటాం! నిజానికి ఆ రెంటికీ నడుమ ఉన్నది పన్నెండు. అలాగే 350కీ 10కీ సగటు కడితే 180 వచ్చింది. ఉత్తరానికి చెరో పక్కనా ఉన్న రెండు అంకెలు కలిసి, సరిగ్గా ఎదురు దిక్కుని సాక్ష్యం చెప్పాయి. వట్టి కూడికలు, భాగహారాలు. ఒక్కటీ తప్పు లేదు. జవాబు మాత్రం ఇల్లు ఖాళీ చేయించేది.

ఆ రాత్రి ఎవరం పడుకోలేదు. అమ్మాయి అంకెలు చదువుతోంది, నాయనమ్మ వింటోంది. పది గంటలయ్యేసరికి కుడివైపు చిన్న అంకెలు రావడం మానేశాయి. 345. 338. 340. 326. అత్తయ్యగారు కాళ్ళు మంచం మీదకి తీసుకున్నారు.

"వాయవ్యానికి పోతోంది. మనకి ఎగువన దాటుతోంది" అన్నారు. కాసేపాగి "నర్సాపురం వైపు వాళ్ళని దేవుడు చల్లగా చూడాలి" అన్నారు. అర్ధరాత్రి వేళ తుఫాను నర్సాపురం దగ్గరే తీరం దాటిందని పొద్దున్న అందరితోపాటు మేమూ విన్నాం. తన మీద నుంచి పోయిన గండం ఇంకొకరి మీదకి పోతుందని ఆవిడకి తెలిసినంత బాగా మాలో ఎవరికీ తెలియదు. అందుకే ఆవిడ మొహంలో సంతోషం కనబడలేదు.

తుఫాను పోయాక ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. ఆ ఖాళీని ఉత్తరం నుంచి తీసి ఇంకెటైనా పెట్టెయ్యమన్నారు మావారు. తేలికే కదా, పాట్‌ని కాస్త తిప్పి బిగిస్తే సరి. గాలి రాని దిక్కు చూసి చెప్పమంది అమ్మాయి. అక్కడొచ్చింది చిక్కు. పడమర పెడదామంటే వేసవిలో వడగాలి అటే, వానాకాలం గాలీ ఆ వైపుదే. ఆగ్నేయం అంటే ఎండాకాలం సాయంత్రం మన పాలిటి అమృతం అటునుంచే వస్తుంది. ఈశాన్యం సరేసరి. అత్తయ్యగారు వేళ్ళ మీద ఎనిమిది దిక్కులూ లెక్కపెట్టి "గాలి రాని దిక్కు లేదు. ఎటు పెట్టినా ఏదో ఒక కాలానికి అడ్డమే. దాన్ని తప్పించుకోవడం కాదే, దాటడం నేర్పు" అన్నారు.

నేర్పింది. మొదటి పాఠం ఇది. ఇప్పటి అంకెలోంచి ఇందాకటి అంకె తియ్యి. తేడా సగం చుట్టు కంటే, అంటే 512 మెట్ల కంటే ఎక్కువ వచ్చిందా, గాలి అంత దూరం దూకలేదు, గడప దాటింది. అప్పుడు ఒక పూర్తి చుట్టు, 1024, కలిపో తీసేసో సరిచూసుకో. దీనికి షరతు ఒకటే, చూపు తిప్పకూడదు. రెండు చూపుల మధ్య గాలి సగం చుట్టు తిరిగిపోతే ఎటునుంచి వచ్చిందో కనిపెట్టలేం. బోర్డు సెకనుకి ఎన్నోసార్లు చూడగలదు గనక ఫరవాలేదు.

రెండో పాఠం సగటుది. అంకెల్ని కలపొద్దు, బాణాల్ని కలుపు. ముగ్గులో ఒక చుక్క దగ్గర మొదలుపెట్టి, గాలి చూపిన దిక్కుకి ఒక గీత గియ్యి. దాని కొస నుంచి తరవాతి దిక్కుకి ఇంకో గీత. అన్నీ గీశాక మొదటి చుక్క నుంచి చివరి కొస ఎటుందో చూడు. అదే సగటు. 350కి ఒక గీత, 10కి ఒక గీత గీసి చూడండి. తిన్నగా ఉత్తరానికే పోతుంది.

మూడో పాఠానికి కాస్త ఖర్చయింది. రెండు చేతులున్న పాట్ దొరుకుతుంది. చేతులు రెండూ ఒకదానికొకటి 90 డిగ్రీల దూరంలో ఉంటాయి. ఒక చెయ్యి ఖాళీలో పడ్డప్పుడు రెండోది నిక్షేపంలా పట్టీ మీద ఉంటుంది. బోర్డుకి ఆరు అనలాగ్ ఇన్‌పుట్లు ఉండనే ఉన్నాయి. ఇప్పుడు రెండు వాడుతోంది. పట్టీతో పని లేకుండా అయస్కాంతంతో చూసేవి కూడా ఉన్నాయి. వాటికి అరుగుదల లేదు, రేడియో మీట ముసలిదైతే వచ్చే గరగర లేదు. కాని వాటిలోనూ 359 తరవాత మళ్ళీ సున్నాయే. ఖాళీని తీసెయ్యొచ్చు గాని గడపని తీసెయ్యలేం.

ఇంత చేసినా ఆ వస్తువు చెప్పని సంగతి ఒకటుంది. ఇప్పుడు ఎటున్నానో చెబుతుంది గాని, ఇది ఎన్నో చుట్టో చెప్పదు. చుట్లు లెక్కపెట్టేవాళ్ళు బయట ఇంకొకరు ఉండాలి. ఆ మాటకొస్తే మన పంచాంగమూ అంతే. ప్రభవతో మొదలై అక్షయ దాకా అరవై పేర్లు, ఆ తరవాత మళ్ళీ ప్రభవే. పేరు చెబితే చుట్టులో ఎక్కడో తెలుస్తుంది, ఏ చుట్టో తెలియదు. 1977 ఉప్పెన వచ్చింది పింగళ నామ సంవత్సరంలో. అత్తయ్యగారు ఇప్పటికీ 1977 అనరు, "పింగళలో" అంటారు.

"2037 ఉగాదికి మళ్ళీ పింగళ వస్తుంది నాయనమ్మా. అప్పటికి నీకు ఎనభై రెండు" అంది అమ్మాయి.

"ఉంటే చూద్దాం. నేను లేకపోతే, ఇది రెండో పింగళ అని నువ్వు గుర్తుపెట్టుకో" అన్నారావిడ.

అమ్మాయి తలూపింది. ఆ సంచిలో పడ్డ కాగితాలు నేను మళ్ళీ బీరువాలో సర్దుతుంటే, పుట్టినరోజులు రాసుకునే మా పాత డైరీలో కొత్త పేజీ తీసి, అన్నగారి పిల్లలిద్దరి పేర్లూ నాయనమ్మని అడిగి రాసుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ పేర్లు నేను వినడం అదే మొదలు.